దవడకు ఫిల్లర్ వేయించుకునే ముందు, వేయించుకున్న తర్వాత

నమస్కారం. నేను విజయవాడలో చర్మవైద్యురాలిని. శస్త్రచికిత్స లేకుండా, ఫిల్లర్ ఇంజెక్షన్లతో, అంటే చర్మం కింద జెల్ నింపి, దవడ గీతను తీర్చిదిద్దడం గురించి ఈ వీడియోలో చెబుతాను. సూది సంగతికి తర్వాత వద్దాం, ముందు అద్దం తీసుకోండి. చక్కని దవడ గీత (జాలైన్) కావాలని వచ్చేవారిలో చాలామందికి అవసరమైనది ఫిల్లర్ కాదు, వేరే చికిత్స. ఆ విషయం డబ్బు కట్టాక తెలిస్తే ఏం లాభం?

పగటి వెలుతురులో కిటికీకి ఎదురుగా కూర్చోండి. రెండు చేతుల వేళ్లనూ చెవి తమ్మెల కింద, దవడ మూలల మీద ఆనించి పళ్లు గట్టిగా బిగించండి. వేళ్ల కింద గట్టిగా ఉబ్బెత్తుగా లేచిందా? అది మాసెటర్, మనం నమలడానికి వాడే కండరం. నిద్రలో పళ్లు కొరికే అలవాటు ఉన్నవారికి ఇది బాగా పెరిగిపోతుంది. ముఖం కింది సగం పలకగా, బరువుగా కనిపిస్తుంది. అలాంటి ముఖానికి దవడ మూలల్లో ఫిల్లర్ ఎక్కిస్తే మరింత వెడల్పు అవుతుంది. వారికి పనికొచ్చేది బోటాక్స్. రెండూ ఒకటే అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి చెబుతున్నాను: బోటాక్స్ కండరాన్ని సడలిస్తుంది, ఫిల్లర్ ఖాళీని నింపుతుంది.

ఇప్పుడు పళ్లు బిగించే ఉంచి, ఎముక అంచు వెంట వేలిని మెల్లగా గడ్డం వైపు జరపండి. కండరం ఆగిపోయే చోట, ఎముక మీద, నాడి కొట్టుకోవడం సన్నగా తగులుతుంది. తగలకపోతే వేలి ఒత్తిడి తగ్గించి మళ్లీ చూడండి. అది ముఖ ధమని. పెదవులకు, చెంపకు, ముక్కు పక్కకు రక్తం తీసుకెళ్లేది అదే. ఫిల్లర్ వేసే దారిలోనే అది ఎముకను దాటుకుని పైకి వెళుతుంది. ఈ వీడియోలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఈ నాడి గుర్తుంచుకోండి. ఇంజెక్షన్ ఎవరి చేతితో వేయించుకోవాలన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

తర్వాత గడ్డం కింద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకోండి. దళసరిగా కొవ్వు చేతికి వస్తే మీ ఇబ్బంది డబుల్ చిన్. కొవ్వు తగ్గించకుండా పక్కన జెల్ నింపితే ముఖం ఇంకా బరువెక్కుతుంది. పలచని చర్మం మాత్రమే సాగుతూ వస్తే, వేలాడే చర్మాన్ని ఫిల్లర్ పైకి లాగలేదు. కాస్త కప్పిపుచ్చగలదు, అంతే.

ఇక పక్క నుంచి ఒక ఫొటో తీయించుకోండి. కింది పెదవి నుంచి నిట్టనిలువుగా ఒక గీత ఊహించుకోండి. గడ్డం ఆ గీతకు బాగా వెనకబడి ఉంటే దవడ అంతా బలహీనంగా కనిపిస్తుంది. ఇలాంటివారికి దవడ పొడవునా పోయడం కంటే గడ్డం కొనలో కొద్దిగా వేస్తేనే తేడా ఎక్కువ తెలుస్తుంది. కింది పళ్ల వరుస కూడా బాగా లోపలికి ఉంటే ముందు పళ్ల వరుస సరిచేసే దంతవైద్యుణ్ని కలవండి. ఎముక పొందికలోనే లోపం ఉంటే జెల్ దాన్ని సరిదిద్దదు.

మరి ఫిల్లర్ ఎవరికి బాగా పని చేస్తుంది? దవడ మూల ఎముక చిన్నదిగా ఉండి, చర్మం బిగువుగా ఉన్నవారికి. వయసుతో పాటు కింది దవడ ఎముక కొంత అరిగి, చెంప కొవ్వు జారి, గడ్డానికి అటూ ఇటూ చిన్న పల్లం ఏర్పడినవారికి. నలభై దాటిన స్త్రీలలో ఆ పల్లాన్ని నింపితే దవడ గీత మళ్లీ ఒకే ధారగా కనిపిస్తుంది. నాకు అత్యంత తృప్తినిచ్చే ఫలితం ఇదే. ఇందులో మొహం మారిపోదు, అలసట పోతుంది.

ఇప్పుడు నా ముందున్న గాజుపలక చూడండి. రెండు బొట్ల జెల్ వేస్తున్నాను. ఎడమ వైపుది పెదవులకు వాడేది. చూస్తుండగానే అంచులు జారి చదునవుతోంది. కుడి వైపుది దవడకు వాడేది. వేసింది వేసినట్టే గుట్టగా నిలబడింది. వేలితో నొక్కి వదిలితే మళ్లీ లేస్తోంది. దవడ మీద జెల్ ఎముకలా ప్రవర్తించాలి కాబట్టి ఈ గట్టిదనం కావాలి. పెదవి జెల్‌ను చవకగా వస్తుందని దవడకు వేస్తే ఆకారం నిలబడదు.

రెండింటిలోనూ ఉన్న పదార్థం హైలురోనిక్ యాసిడ్. పేరులో యాసిడ్ ఉందని భయపడకండి, కీళ్లలో, చర్మంలో, కంటిలో సహజంగా ఉండేదే. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ దీన్ని ఆవు కంటిలోని జిగురు నుంచి వేరు చేశారు. మామూలు రూపంలో ఎక్కిస్తే శరీరం కొద్ది రోజుల్లోనే కరిగించేస్తుంది. అందుకే దాని పోగులను రసాయనికంగా ఒకదానితో ఒకటి ముడివేసి జెల్‌గా తయారు చేస్తారు. ముఖం ముడతలకు రెస్టిలేన్ అనే జెల్‌ను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2003లో అనుమతించింది. దవడ గీత కోసమే ప్రత్యేకంగా ఒక జెల్‌కు, జువెడెర్మ్ వాల్యూక్స్‌కు, అక్కడ అనుమతి 2022లో వచ్చింది. అదీ 21 ఏళ్లు దాటినవారికే. ఇంటర్ చదువుతున్న పిల్లలు ఫోనులో ఎవరిదో ఫొటో చూపించి ఇలా చేయండి అంటే నేను చేయను. వారి ఎముక ఇంకా పెరుగుతూ ఉంటుంది.

ఈ జెల్‌కున్న గొప్ప సుగుణం, వద్దనుకుంటే కరిగించవచ్చు. హైలురోనిడేజ్ అనే ఎంజైమ్ ఇంజెక్షన్ దానికి విరుగుడు. ఆ మందు అదే గదిలో సిద్ధంగా ఉందా అని ముందే అడగండి. ‘తెప్పిస్తాం’ అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. తేనెటీగ కుడితే తీవ్రమైన అలర్జీ వచ్చేవారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి, ఈ మందు వారికి పడకపోవచ్చు. కాల్షియం హైడ్రాక్సిల్ అపటైట్ రకం ఫిల్లర్లు కూడా దవడకు వాడతారు. వాటిని ఈ మందు కరిగించలేదు. అందుకే మొదటిసారి వేయించుకునేవారికి నేను హైలురోనిక్ యాసిడ్‌నే సూచిస్తాను.

విజయవాడ సూర్యారావుపేటలో గానీ గుంటూరు కొత్తపేటలో గానీ అడుగుకో ఆసుపత్రి కనిపిస్తుంది, బోర్డులకు కొదవ లేదు. బోర్డు మీద డాక్టరు పేరు కింద డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. చర్మవ్యాధుల్లో ఎండీ లేదా డిప్లొమా, లేకపోతే ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ వంటి చదువు ఉండాలి. బ్యూటీ పార్లరులో ఫిల్లర్ వేయించుకోవద్దు. సూది లేకుండా గాలి ఒత్తిడితో ఫిల్లర్ ఎక్కించే పెన్నులు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. వాటిని వాడవద్దని ఎఫ్‌డీఏ 2021లోనే హెచ్చరించింది. పెట్టె మీ ఎదుటే తెరవాలి, బ్యాచ్ నంబరు స్టిక్కరు మీ ఫైలులో అంటించాలి. ఒక సిరంజిని అక్కాచెల్లెళ్లు ఇద్దరూ సగం సగం పంచుకుంటామని అడుగుతుంటారు. ఎంత సొంతవారైనా అది కుదరదు.

ఇంజెక్షన్ రోజు పెద్దగా చెప్పుకోవాల్సిందేమీ లేదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ముఖం మీద కురుపులు లేదా పంటి చీము ఉన్నవారు వాయిదా వేసుకోవాలి. పళ్ల పని ఉంటే రెండు వారాల ముందే ముగించండి. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవారు దాన్ని సొంతంగా ఆపకూడదు, మీ గుండె డాక్టరు మాటే ఆఖరు. కూర్చోబెట్టి పెన్సిలుతో గుర్తులు పెడతారు. పడుకుంటే చర్మం వెనక్కి జారి గుర్తులు తప్పిపోతాయి. జెల్‌లోనే మత్తుమందు కలిసి ఉంటుంది. దవడ మూల దగ్గర సూదితో ఎముక మీదికి వేస్తారు, ధమని ఉన్న చోట మొద్దు కొన ఉన్న సన్నని గొట్టంతో (కాన్యులా) చర్మం కిందుగా వేస్తారు. మొత్తం అరగంట నుంచి గంట.

ఇదిగో, ఈ సిరంజిలో ఉన్నది 1 మిల్లీలీటరు. టీ చెంచాలో అయిదో వంతు. దవడ రెండు వైపులకూ కలిపి సాధారణంగా ఇలాంటివి రెండు నుంచి నాలుగు పడతాయి. అంటే ఒక వైపుకు చెంచాలో సగం కూడా కాదు. ‘ఇంతేనా?’ అనిపిస్తుంది. ఎముక అంచు మీద ఆ కాస్తకే వెలుగు నీడలు మారిపోతాయి. ఒకే రోజు నాలుగూ వేసేయమని పట్టుబట్టకండి. రెండు వేసి, నెల ఆగి, చూసి, అవసరమైతే మిగతావి వేయడమే నా పద్ధతి.

ఇప్పుడు ఫలితాల ఫొటోలు చూడడం నేర్చుకుందాం. తెర మీద రెండు ఫొటోలు ఉన్నాయి. ముందు, తర్వాత అనుకుంటున్నారు కదూ? రెండూ ఒకే రోజున, ఒకే మనిషికి, ఏ ఇంజెక్షనూ లేకుండా తీసినవి. మొదటి దానిలో వెలుగు ఎదురుగా ఉంది, గడ్డం కాస్త కిందికి వంచి ఉంది. రెండో దానిలో దీపం నెత్తి మీద ఉంది కాబట్టి దవడ కింద నల్లని నీడ పడింది, గడ్డం ముందుకు సాచి ఉంది. ఇంత తేడా వెలుతురుది, మెడ వంపుది. అందువల్ల ఏ ఫొటో చూపించినా ముందు మెడ చూడండి, ముక్కు నీడ ఎటు పడిందో చూడండి, చెవి రెండింటిలోనూ ఒకే కోణంలో కనిపిస్తోందా చూడండి. తర్వాతి ఫొటో ఎన్ని రోజులకు తీశారో అడగండి. ఇంజెక్షన్ వేసిన వెంటనే తీసినదానిలో సగం అందం వాపుదే. మీ ఫొటోలు కూడా ఒకే కిటికీ దగ్గర, ఒకే దూరం నుంచి, మరొకరి చేత తీయించుకోండి. సెల్ఫీలో చెయ్యి చాచినంత దూరమే ఉంటుంది కాబట్టి ముఖం పొందిక మారిపోతుంది.

వేసిన మొదటి రెండు మూడు రోజులు వాపు ఎక్కువ. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ ఉంటుంది. కమిలిన మచ్చలు వారం, పది రోజుల్లో పోతాయి. అసలు ఆకారం రెండు నుంచి నాలుగు వారాలకు తేలుతుంది. పెళ్లి ఉంటే ముహూర్తానికి కనీసం నెల ముందు వేయించుకోండి, వారం ముందు మాత్రం వద్దు.

ఆ రోజు ఇంటికి బండి మీద కాకుండా ఆటోలోనో కారులోనో వెళ్లండి. హెల్మెట్ సరిగ్గా దవడ మీదే ఒత్తుతుంది, అలాగని హెల్మెట్ లేకుండా వెళ్లడం కుదరదు. రెండు రోజులు వ్యాయామం, మద్యం, ఎండ వద్దు. రోహిణి కార్తెలో మన ఊళ్ల ఎండకు వాపు ఇంకా పెరుగుతుంది, వీలైతే ఆ రోజుల్లో పెట్టుకోకండి. రెండు వారాలు క్షవరం చేయించుకునే చోట ముఖం మర్దన చేయించుకోవద్దు. వెల్లకిలా పడుకోండి. జంతికలు, చెరకు ముక్కలు కొద్ది రోజులు ఆగుతాయి.

ఇక అసలు భయపడాల్సినవి. భరించలేని నొప్పి పెరుగుతూ పోవడం, చర్మం తెల్లగా పాలిపోవడం, ఊదారంగు వలలాంటి మరకలు, నొక్కి వదిలితే రెండు మూడు సెకన్లలో రంగు తిరిగి రాకపోవడం. వీటిలో ఏది కనిపించినా రక్తనాళంలో జెల్ అడ్డుపడిందేమో అనుకోవాలి. తెల్లవారాక చూద్దాం అనుకోవద్దు. విరుగుడు మందు ఎంత త్వరగా పడితే చర్మం అంత దక్కుతుంది. చూపు మసకబారడం, మూతి వంకరపోవడం చాలా అరుదు. వస్తే మాత్రం ఆ క్షణమే అత్యవసర విభాగానికి వెళ్లాలి. వారాలో నెలలో గడిచాక గడ్డ కట్టి, ఎర్రబడి నొప్పి పెడితే మీరే పిసకకండి. డాక్టరుకు చూపించండి.

ఖర్చు ఊరిని బట్టి, జెల్‌ను బట్టి మారుతుంది. మంచి కంపెనీ సిరంజి ఒక్కటి 20 వేల రూపాయలకు పైమాటే. ఫలితం సుమారు ఏడాది ఉంటుంది, కొందరికి ఏడాదిన్నర. ఒక్కసారిగా పోదు, నెమ్మదిగా పలచబడుతుంది. ఏడాది కాగానే కొత్త సిరంజికి పరుగెత్తకండి. నాలుగో వారంలో తీసిన ఫొటో పక్కన ఈరోజు ఫొటో పెట్టి, పళ్లు బిగించకుండా వేలితో ఎముక అంచు తడిమి చూడండి. లోపల జెల్ కొంత మిగిలే ఉంటే, ఈసారి ఒక్క సిరంజితో సరిపోవచ్చు.