మనం రాసింది ఎవరి దగ్గర ఉంది?
(శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో ఉన్న విద్యార్థుల్లో చాలామంది 2004 తర్వాత పుట్టినవాళ్లే. అంటే ఆర్కుట్, ఫేస్‌బుక్ అనే సోషల్ నెట్‌వర్కులు రెండూ వయసులో మీకన్నా పెద్దవి. ఆర్కుట్ ఆ ఏడాది జనవరిలో మొదలైంది, ఫేస్‌బుక్ ఫిబ్రవరిలో. రెండేళ్లకు, ఇప్పుడు ఎక్స్ అంటున్న ట్విట్టర్ వచ్చింది. ఇవాళ వీటిని పక్కపక్కన పెట్టి చూద్దాం. ఏది గెలిచింది, ఏది ఓడింది అన్నది వ్యాపారం చేసేవాళ్ల లెక్క. మన జిల్లా మనిషికి ఏది ఎలా పనికొచ్చింది, వాటిలో మనం రాసుకున్నది చివరికి ఏమైంది అన్నది నా లెక్క.

మన జిల్లా అని ఎందుకు అంటున్నానో మీకు తెలుసు. మన మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి బోట్లు ఎక్కుతారు. హైదరాబాద్‌లో, చెన్నైలో, గల్ఫ్‌లో మనవాళ్లు కట్టడాల పనుల్లో ఉన్నారు. ఇంటికొకరు బయట ఉండే చోట, దూరాన ఉన్న మనిషిని ఊరితో కలిపేది ఏదైనా కాలక్షేపం కాదు, అవసరం.

ముందు ఆర్కుట్ సంగతి. గూగుల్‌లో పనిచేసిన ఆర్కుట్ బుయుక్కోక్టెన్ అనే ఇంజనీరు పేరే దానికి పెట్టారు. మొదట్లో ఎవరో ఒకరు ఆహ్వానం పంపితేనే లోపలికి వెళ్లగలిగేవాళ్లం. అమెరికాలో అంతగా నిలవలేదు గానీ బ్రెజిల్‌లో, మన దేశంలో బాగా పాకింది. మన పేజీలో ఎవరైనా రాసి వెళ్లేది స్క్రాప్. అది మన వీధి అరుగు లాంటిది. వచ్చినవాళ్లు కూర్చుని నాలుగు మాటలు చెప్పి వెళ్తారు, దారిన పోయేవాళ్లూ వింటారు. స్నేహితుడి గురించి రాసి పెట్టే టెస్టిమోనియల్ వేరే. కానీ ఆర్కుట్ బలమంతా కమ్యూనిటీల్లోనే ఉందని నా అభిప్రాయం. ఊరి పేరు, స్కూలు పేరు, ఇష్టమైన నటుడి పేరు కొట్టి వెతికితే, మనకు ముఖపరిచయం లేనివాళ్లు కూడా ఆ పేరు కింద దొరికేవారు. మనుషుల్ని కలిపింది పాత పరిచయం కాదు, ఒక ఊరి మీదో, ఒక విషయం మీదో ఉన్న ఇష్టం.

ఫేస్‌బుక్ దారి వేరు. మొదట కాలేజీ విద్యార్థులకే పరిమితమై, 2006 సెప్టెంబరులో పదమూడేళ్లు దాటిన అందరికీ తలుపు తెరిచింది. అదే నెలలో న్యూస్ ఫీడ్ తెచ్చింది. అంతకుముందు స్నేహితుడి సంగతి తెలియాలంటే వాడి పేజీకి వెళ్లాలి. ఫీడ్ వచ్చాక మనం వెళ్లక్కర్లేదు, అన్నీ మన ముందుకే వస్తాయి. అప్పట్లో లక్షలమంది వాడుకరులు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు, అయినా కంపెనీ వెనక్కి తగ్గలేదు. మొత్తం ఈ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మార్పు ఇదే అంటాను. ఎవరి మాట ముందు వినాలో ఎంచుకునే పని ఆ రోజు నుంచి మన చేతిలోంచి కంపెనీ చేతిలోకి జారింది.

ఇక ట్విట్టర్. ఇక్కడ స్నేహం రెండువైపులా ఉండక్కర్లేదు. మీరు ఒకరిని ఫాలో అవుతారు, ఆయన మిమ్మల్ని అవ్వాలని లేదు. అప్పట్లో ఇలాంటివి చాలానే ఉండేవి. ఫిన్లాండ్‌లో పుట్టిన జైకూను 2007లో గూగుల్ కొంది. పౌన్స్‌లో ఫైళ్లు కూడా పంపుకునే వీలుండేది. ప్లర్క్‌లో మాటలు పై నుంచి కిందకి కాక అడ్డంగా, కాలరేఖ మీద సాగేవి, జవాబులు ఆ మాట కిందే వరసగా ఉండేవి. ఫ్రెండ్‌ఫీడ్ వేర్వేరు చోట్ల రాసినవన్నీ ఒకచోటికి తెచ్చేది. ఇవాళ అందరూ నొక్కే లైక్ బటన్ ఫేస్‌బుక్ కన్నా ముందే ఫ్రెండ్‌ఫీడ్‌లో ఉండేది. సంభాషణకు వీలు చూస్తే ప్లర్క్, ఫ్రెండ్‌ఫీడ్ రెండూ ఆనాటి ట్విట్టర్ కన్నా మెరుగైనవే. అయినా నిలబడింది ట్విట్టరే.

మొదట్లో ట్విట్టర్‌ది 140 అక్షరాల హద్దు. అది ఎస్సెమ్మెస్ నుంచి వచ్చింది. ఒక ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. అందులో 20 వాడుకరి పేరుకు ఉంచి, మిగతాది మాటకు ఇచ్చారు. అయితే ఆ 160 ఇంగ్లీషు అక్షరాలకే. ఎస్సెమ్మెస్‌లో ఉండే చోటు 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరం ఒక్కోటి ఏడు బిట్లతో సరిపెట్టుకుంటుంది. తెలుగు అక్షరానికి పదహారు బిట్లు కావాలి. దాంతో తెలుగు మెసేజ్‌లో 70 మాత్రమే పడతాయి. ఆ డెబ్బైలో గుణింతం గుర్తులు, వత్తుకు వచ్చే పొల్లు గుర్తు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కే.

మన ఊరి పేరే చూడండి. శ్రీకాకుళం. పలికితే శ్రీ, కా, కు, ళం, నాలుగే. కంప్యూటర్ లెక్కలో పది. ఇంగ్లీషు లిపిలో రాసినా సరిగ్గా పదే అక్షరాలు. విజయనగరం అయితే తెలుగులో ఎనిమిది, ఇంగ్లీషులో పన్నెండు. అంటే మన లిపి ఎక్కువేమీ అడగడం లేదు. దానికి ఇచ్చిన చోటే సగం కన్నా తక్కువ. 140 అక్షరాల తెలుగు మాటను ఎస్సెమ్మెస్‌గా పంపితే మూడు మెసేజ్‌ల డబ్బులు పడతాయి. పైగా ఆనాటి మామూలు ఫోన్లలో చాలావాటికి తెలుగు ఫాంటే లేదు, అవతలివాళ్లకు డబ్బాలు కనిపించేవి. ఆ తరం కుర్రాళ్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాశారని, వాళ్లకు భాష మీద ప్రేమ లేదని పెద్దలు తిట్టారు. అది అన్యాయం. రీచార్జి చేయించుకునే పేద కుర్రాడు లెక్క చూసుకుని రాశాడు. అదే మాట నెట్‌లో ట్విట్టర్ పేజీలో రాస్తే తెలుగుకూ 140 నిండుగా దొరికేవి. 2017లో హద్దు 280 చేసినప్పుడు మనకూ అంతే ఇచ్చారు.

మరి రాసినవన్నీ ఎక్కడ ఉన్నాయి? పౌన్స్ 2008 డిసెంబరులో, రెండు వారాల గడువు ఇచ్చి మూసేశారు. జైకూ 2012లో పోయింది. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న ఆగింది. కమ్యూనిటీల ఆర్కైవ్ కొన్నాళ్లు ఉంచి తర్వాత అదీ తీసేశారు. ఫ్రెండ్‌ఫీడ్ 2015లో, గూగుల్ తర్వాత తెచ్చిన గూగుల్ ప్లస్ 2019లో పోయాయి. మన భాషల కోసమే వచ్చిన కూ అనే యాప్ 2024లో మూతపడింది. వీటిని మూసినవాళ్లెవరూ మనల్ని అడగలేదు. అడగాల్సిన పని లేదని, ఖాతా తెరిచేటప్పుడు మనం ఒప్పుకున్న షరతుల్లోనే ఉంటుంది.

ఇదే ఊళ్లో కథానిలయం అనే తెలుగు కథల గ్రంథాలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న మొదలుపెట్టారు. ఎక్కడెక్కడి పాత పత్రికలూ సేకరించి, తెలుగు కథ అన్నది ఏదీ పోకూడదని పట్టుబట్టారు. కాగితం మీద అచ్చయిన కథను పదేళ్ల తర్వాత కూడా వెతికి తెచ్చుకోవచ్చు. ఆర్కుట్‌లో మన ఊళ్ల గురించి జరిగిన చర్చను ఇప్పుడు ఎంత పట్టుదల ఉన్నవాడూ తేలేడు. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు లేదు, టవర్లు పనిచేయలేదు. బయట ఉన్న మనవాళ్లు ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో ఊళ్ల పేర్లు పెట్టి ఒకటే అడిగారు: మావాళ్లు ఎలా ఉన్నారు? ఎవరికి సిగ్నల్ దొరికితే వాళ్లు ఊరంతటి తరఫున జవాబు చెప్పారు. ఏ రోడ్డు తెగింది, ఎక్కడ నీళ్లు అందలేదు అన్నది అందులో రోజువారీగా ఉంది. ఉద్దానం చరిత్ర రాసేవాడికి అంతకన్నా మంచి ఆధారం దొరకదు. అదంతా ఇప్పుడు పాత ఫోన్లలో ఉంది. ఫోను పాడైతే అదీ పోతుంది.

కంప్యూటర్లు చదివే పిల్లలకు ఒక మాట. 2008లోనే ట్విట్టర్ లాంటి ఐడెంటికా అనే సర్వీసు తన సాఫ్ట్‌వేర్‌ను అందరికీ తెరిచి ఇచ్చింది. ఎవరి సర్వర్ వాళ్లు పెట్టుకుని మిగతావాళ్లతో మాట్లాడొచ్చు. 2016లో వచ్చిన మాస్టొడాన్‌దీ అదే దారి. కాలేజీకి ఒకటి పెట్టుకోవడం మీకు చేతనైన పనే.

మిగతావాళ్లందరూ ఇవాళే చేయగలిగేది ఇంకొకటి ఉంది. ఫేస్‌బుక్‌లో మీ సమాచారాన్ని డౌన్‌లోడ్ చేసుకునే వీలు ఉంది. వాట్సాప్‌లో ఒక్కో గ్రూపు చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేయొచ్చు. ఉద్దానం వైపు నుంచి వచ్చినవాళ్లు ఇంటికెళ్లాక అమ్మానాన్నల పాత ఫోన్లు తీసి తిత్లీ రోజుల చాట్‌లతో మొదలుపెట్టండి. గ్రూపులో ఉన్నవాళ్లను అడగండి, ఫోన్ నంబర్లు, సొంత విషయాలు తీసేయండి, ఊరి పేరూ తేదీలూ రాసి రెండుచోట్ల దాచండి. ఎలా చేయాలో మాటల్లో చెబితే సగం మర్చిపోతారు. ఫోన్లు బయటికి తీయండి, ఇప్పుడే చేసి చూపిస్తాను.