ఉగాది నడకలో ఎలుగుబంటి ఎదురైతే? నల్లమల దారి మీద చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. ఉగాది దగ్గర పడుతోంది. బెళగావి, విజయపుర, బాగల్‌కోట వైపు నుంచి కన్నడ భక్తులు శ్రీశైలానికి నడక మొదలుపెట్టేశారు. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచని వాళ్ల నమ్మకం. వందల కిలోమీటర్లు రోడ్డు మీద నడిచి ఆత్మకూరు చేరాక, వెంకటాపురం దగ్గర అడవిలోకి దిగుతారు. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాస ద్వారం దాటితే శ్రీశైలం. ఈ దారిలో జంతువులు ఎదురైనప్పుడు ఏం చేయాలో ఈ రోజు మాట్లాడుకుందాం. రాయచూరు నుంచి తొమ్మిదిసార్లు నడిచి వచ్చిన యాత్రికుడు, ఒక విశ్రాంత అటవీ అధికారి, అడవిలో ట్రాకర్‌గా పనిచేసే చెంచు పెద్దాయన, పాముకాటు కేసులు చూసే డాక్టర్ గారు మనతో ఉన్నారు. సార్, అందరూ అడిగేదే ముందు అడుగుతాను. పెద్దపులి కనిపిస్తుందా?

అటవీ అధికారి: చాలా అరుదు. ఇది 1983 నుంచి పులుల సంరక్షణ కేంద్రం, పులులు ఉన్న మాట నిజమే. కానీ అంతమంది మాట్లాడుకుంటూ, భజన చేసుకుంటూ వస్తుంటే పులి ముందే పక్కకు తప్పుకుంటుంది. నాకు టెన్షన్ పెట్టేది చీకట్లో ఒంటరిగా నడిచేవాళ్లు. శ్రీశైలం ఘాట్ రోడ్డు మీదే రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలు ఆపుతున్నాం కదా, మరి కాలిబాటలో మనిషిని ఎలా వదులుతాం?

ట్రాకర్: పులి మన కంట పడేదానికన్నా మనం దాని కంట పడేదే ఎక్కువ సారూ. కొండముచ్చు చెట్టు మీది నుంచి గట్టిగా అరిచినా, దుప్పి ఆగి ఆగి కూత పెట్టినా దగ్గర్లో పులో చిరుతో ఉన్నట్టు. అప్పుడు అక్కడే ఆగి, వెనకున్న వాళ్లను కలుపుకుని గుంపుగా కదలాలి. మా గూడేల్లో పిల్లలకు కూడా తెలుసు ఈ సంగతి.

వ్యాఖ్యాత: మరి మీరు భయపడేది దేనికి?

ట్రాకర్: ఎలుగుకే.

యాత్రికుడు: నేను చెబుతానండీ. నాలుగేళ్ల కిందట నాగలూటి దాటాక జరిగింది. తెల్లవారుజాము, ఇంకా వెలుగు రాలేదు. కాళ్లు బొబ్బలెక్కి మా గుంపు నుంచి వెనకబడ్డాను. దారి పక్కన ఇప్పచెట్టు కింద ఏదో కదిలింది. మనిషే అనుకుని "ఎవరదీ" అన్నాను. వెనక్కాళ్ల మీద లేచి నిలబడింది. వీపు మీద పిల్ల. పదిహేను అడుగుల దూరం కూడా లేదు. కాళ్లు కదల్లేదు నాకు. అదే మంచిదైందని తర్వాత చెప్పారు. కాసేపు అలాగే నిలబడి, ముక్కు ఎగబీల్చి, పిల్లతో సహా పొదల్లోకి వెళ్లిపోయింది. ఈ రోజుకీ ఇప్పపువ్వు వాసన వస్తే నా ఒళ్లు జలదరిస్తుంది.

అటవీ అధికారి: మీ అదృష్టం బాగుంది. ఎలుగుకు చూపు మందం, వినికిడి కూడా అంతంతే. ముక్కుతోనే బతుకుతుంది. చెదలు తవ్వుకుంటూనో, పువ్వు ఏరుకుంటూనో తన పనిలో మునిగి ఉంటుంది. మనం దగ్గరికి వచ్చేదాకా తెలియదు, తెలియగానే బెదిరి మీద పడుతుంది. పంజా నేరుగా తలకు, ముఖానికే. సరిగ్గా ఉగాది రోజుల్లోనే ఇప్పపువ్వు రాలుతుంది. రాత్రి రాలిన పువ్వు కోసం తెల్లవారకముందే చెట్టు కిందికి చేరుతుంది. మన భక్తులు ఎండ తప్పించుకోవాలని అదే వేళకు లేచి నడుస్తారు. ఇద్దరి వేళా ఒకటే అవుతోంది.

వ్యాఖ్యాత: ఎదురైతే ఏం చేయాలి?

ట్రాకర్: పరుగెత్తొద్దు. మనకన్నా అదే జోరుగా ఉరుకుతుంది. చెట్టెక్కితే అదీ ఎక్కుతుంది. దాన్నే చూస్తూ, మెల్లగా మాట్లాడుతూ వెనక్కి అడుగులు వేయాలి. అసలు ఎదురు పడకుండా ఉండాలంటే చప్పుడు చేస్తూ నడవాలి. కర్రతో రాయి మీద కొట్టుకుంటూ పోతాం మేము.

అటవీ అధికారి: మీద పడితే మాత్రం బోర్లా పడుకుని, రెండు చేతులతో మెడ, తల కప్పుకోవాలి. కదలకూడదు. అది వెళ్లిపోయాక కూడా కాసేపు అలాగే ఉండాలి.

యాత్రికుడు: సార్, ఒక మాట. రాత్రి నడవొద్దని మీరు చెప్పడం తేలిక. మాలో చాలామందికి చెప్పులుండవు, మొక్కు అది. పగలు రాయి మీద అడుగు పెట్టలేం. అరవై ఏళ్ల వాళ్లు, చిన్నపిల్లలు ఉంటారు. ఎండదెబ్బకు పడిపోయిన వాళ్లను నేను మోసుకొచ్చాను. ఎలుగును మాత్రం తొమ్మిదిసార్లలో ఒక్కసారే చూశాను.

అటవీ అధికారి: (కొంచెం ఆగి) అది నిజమే. ఎండను నేను కాదనను. పిల్లల సంగతి మాత్రం వేరు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత ఎత్తుకెళ్లి చంపింది. వేల మంది తిరిగే మెట్లదారి అది. చిరుత ఎత్తు చూస్తుంది. పిల్లలైనా, కిందికి వంగిన పెద్దవాళ్లైనా దానికి చిన్న జంతువులాగే కనిపిస్తారు. పిల్లలు గుంపు మధ్యలో, పెద్దల చేతిలో ఉండాలి. నేను వెనక్కి తగ్గని విషయం ఇదొక్కటే.

డాక్టర్: నన్ను అడిగితే, వీటన్నిటికన్నా పాముకాటుకే ముందు సిద్ధపడాలంటాను. చెప్పుల్లేని కాళ్లు, చీకటి, ఎండుటాకులు. రక్తపింజర ఆకుల్లో కలిసిపోయి కదలకుండా ఉంటుంది, కాలు పడితేనే కాటేస్తుంది. కట్లపాము ఇంకా మోసం. నేల మీద పడుకున్న మనిషిని నిద్రలో కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనిపించదు. తెల్లారాక కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం. జాతరలో తిన్నది పడలేదనుకుంటారు. ఆ పొరపాటుతో ప్రాణం పోతుంది.

వ్యాఖ్యాత: వెంటనే ఏం చేయాలి డాక్టర్ గారూ?

డాక్టర్: కోయొద్దు, పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు. విరిగిన కాలికి కట్టినట్టు కర్ర పెట్టి కాలు కదలకుండా చూడండి. ఆ మనిషిని నడిపించకుండా మోసుకుని రండి. పామును పట్టి తేవాల్సిన పనే లేదు. మన దగ్గరిచ్చే విరుగుడు ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరలు, నాలుగింటికీ కలిపి తయారైందే. మొక్కున్న వాళ్లను నేను కాదనను, కానీ చేతిలో టార్చి పట్టుకోవడానికి ఏ మొక్కూ అడ్డం రాదు కదమ్మా.

ట్రాకర్: తేనెటీగలు మరచిపోయారు. భీముని కొలను లోయలో బండలకు పెద్ద తుట్టెలుంటాయి. వాటి కింద పొగ పెట్టొద్దు, పిల్లలను రాళ్లు వేయనీయొద్దు. ఒక్క ఈగను నలిపితే ఆ వాసనకు మిగతావన్నీ వస్తాయి. లేస్తే తువ్వాలు ముఖానికి చుట్టుకుని దూరంగా ఉరకాలి. ఎలుగుకు ఉరకొద్దు, ఈగలకు ఉరకాలి.

ఇంకోటి సారూ. జాతర అయిపోయాక మేం ఆ దారి తిరుగుతాం. బిస్కెట్ కవర్లు, పులిహోర తిన్న ప్లాస్టిక్ ప్లేట్లు. ఉప్పు వాసనకు దుప్పులు వాటినే నములుతాయి. ఒకసారి చచ్చిపడిన దుప్పి కడుపులో కవర్ల ఉండ కనిపించింది, నా పిడికిలి కన్నా పెద్దది. మల్లన్న మా చెంచుల అల్లుడు. అల్లుడి ఇంటికి చుట్టాలొస్తే మాకు సంతోషమే. పోయేటప్పుడు ఇట్లా చేసి పోతే మాత్రం మనసు కాలుతుంది.

యాత్రికుడు: పెద్దాయనా, మీరు చెప్పండి. ఎండకూ దొరక్కుండా, ఎలుగుకూ ఎదురుపడకుండా ఎప్పుడు నడవమంటారు?

ట్రాకర్: బాగా తెల్లారాక వెంకటాపురంలో బయలుదేరండి. ఎండెక్కే వేళకు నీడ చూసుకుని కూర్చోండి. మళ్లీ ఎండ తగ్గాక లేచి, చీకటి పడేలోపు జనం ఆగే చోటుకు చేరండి. ఒక రోజు ఎక్కువ పడుతుంది, అంతే.

యాత్రికుడు: ఒక రోజు... పడనీ. మేం పద్నాలుగు మందిమి. ఈసారి ముందు రోజు రాత్రి ఆత్మకూరులోనే ఆగుతాం. కవర్లకు ఒక గోనెసంచి కూడా పెట్టుకుంటాను. మీరు చెప్పినవన్నీ ఈ రాత్రికే కన్నడలో వాయిస్ మెసేజ్ చేసి మా వాళ్లందరికీ పంపుతాను. బెళగావి గుంపులు ఇప్పటికే దారిలో ఉన్నాయి.