దామెర్ల గీత ఎక్కడి నుంచి వచ్చింది

సభకు నమస్కారం.

చిత్రకారుడు దామెర్ల రామారావు గారి గురించి మాట్లాడమంటే చాలామంది ఆయన మరణంతోనే మొదలుపెడతారు. 1925లో మశూచి సోకి పోయేనాటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆ బాధ నాకూ ఉంది. కానీ ఆ కొద్దికాలంలో ఆయన చేయి ఎలా తిరిగిందన్నది ఇంకా పెద్ద కథ.

రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు ఇంగ్లండు నుంచి వచ్చిన ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారులు. శిష్యులను అజంతాకు తీసుకెళ్లారు. అడివి బాపిరాజు కూడా ఆ శిష్యుల్లో ఒకరే. 1916లో రామారావు బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు వెళ్లడం వెనుక ఉన్నదీ కూల్డ్రే ప్రోత్సాహమే.

బొంబాయిలో నేర్పింది పాశ్చాత్య పద్ధతి. మనిషిని ఎదురుగా నిలబెట్టి ఎముక, కండ, నీడ కొలుచుకుంటూ గీయాలి. ఆ చదువు మన కళను చెడగొట్టిందనేవారి మాట నేను ఒప్పుకోను. ఆయన గీసిన నగ్న దేహాల అభ్యాస చిత్రాలు చూడండి. ఒంటి బరువు ఏ కాలి మీద పడుతోందో ఇట్టే తెలిసిపోతుంది. ఆ ఎరుక లేకుండా ఆయన గీసిన 'పుష్పాలంకరణ' చిత్రంలోని స్త్రీలు అంత సహజంగా ఒదిగేవారు కారు.

ఆ బొమ్మ ముందు ఎప్పుడైనా నిలబడితే, ఒక్క చేతిని మాత్రమే చూడండి. భుజం నుంచి మణికట్టు దాకా గీత వెంట కన్ను జారిపోతుంది. చేతి గుండ్రదనాన్ని నీడ కంటే గీతే ఎక్కువగా మోస్తుంది. బొంబాయిలో నేర్చుకున్న కొలతలన్నీ ఆ గీత కింద దాగి ఉన్నాయి. పైకి కనిపించేది మాత్రం అజంతా గుహల బొమ్మల్లోని గీత.

ఆ రోజుల్లో బెంగాల్ చిత్రకారులు రంగును కడిగి కడిగి పొగమంచులా పరిచేవారు. దేశమంతా ఆ మోజులో ఉంది. అందులోనూ అందం ఉంది, కాదనను. రామారావు మాత్రం అంచులను కరగనివ్వలేదు. గోదావరి గట్టు మీది ఎండలో పెరిగిన కన్ను అది. ఆ వెలుతురులో ఏ వస్తువుకైనా అంచు స్పష్టంగానే ఉంటుంది. ఆయన శైలికి అసలు మూలం ఆ వెలుతురేనని నా నమ్మకం.

చదువు ముగించుకుని తిరిగొచ్చి సొంత ఊళ్లోనే చిత్రకళాశాల పెట్టారు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కుంచె పట్టారు. ఆయన పోయాక మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ పాఠశాలను నిలబెట్టారు.

రాజమండ్రిలో ఆయన పేరిటే చిత్రశాల ఉంది. వెళితే రంగుల బొమ్మలకన్నా ముందు రేఖాచిత్రాల దగ్గర ఆగండి.