క్లినిక్ బొమ్మ పక్కన సూర్యుడు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, జిల్లా అధికారులకు, ప్రాజెక్టు మేనేజర్లకు, నాలాంటి అకౌంటెంట్లకు నమస్కారం. వెనక వరసల్లో గోడకి ఆనుకుని కూర్చున్న, తమలాంటి మహిళల మధ్యే ఫీల్డులో తిరిగే పీర్ ఎడ్యుకేటర్ అక్కచెల్లెళ్లకు ప్రత్యేకంగా నమస్కారం. అమ్మా, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కాసేపట్లో మిమ్మల్నే పిలుస్తాను, ఇప్పుడే వచ్చి కూర్చుంటే నాకు సంతోషం.

ఆరోగ్య గ్రాంటు తీసుకున్న సంస్థలు ప్రగతి నివేదికలు ఎలా పంపాలో చెప్పమన్నారు. సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో, హెచ్‌ఐవీ నివారణకి సర్కారు డబ్బిచ్చే టీఐ ప్రాజెక్టులో, అంటే రిస్కు ఎక్కువున్నవాళ్ల మధ్య పనిచేసే ప్రాజెక్టులో, 14 ఏళ్లు లెక్కలూ రిపోర్టులూ చూశాను. ఆ అనుభవం తప్ప నా దగ్గర వేరే పాండిత్యం లేదు.

ముందు డబ్బు సంగతి. కేంద్రం నుంచి వచ్చే గ్రాంటుకి 2017 సాధారణ ఆర్థిక నియమాలు, అంటే జీఎఫ్‌ఆర్, వర్తిస్తాయి. యూసీ, అంటే డబ్బు ఎలా వాడామో చెప్పే వినియోగ ధ్రువపత్రం, ఇచ్చే ఫారం పేరు జీఎఫ్‌ఆర్ 12-ఎ. ఏటా వచ్చే గ్రాంటైతే, పోయిన ఏడాది డబ్బుకి కనీసం తాత్కాలిక యూసీ ఇస్తేనే ఈ ఏడాది డబ్బు కదులుతుంది. మంజూరైన దాంట్లో 75 శాతం దాటి ఇవ్వాలంటే పోయిన ఏడాది యూసీతో పాటు ఆడిట్ అయిన లెక్కలూ చేరాలి. అంటే జూన్‌లోనో జులైలోనో ఆడిటర్ దగ్గరికి వెళ్లకుండా బద్ధకించామా, జనవరిలో జీతాలుండవు. గ్రాంటు మీద బ్యాంకు వేసిన వడ్డీ మనది కాదు, తిరిగి కట్టాలి. యూసీ మీద సంతకం పెడుతున్నామంటే డబ్బు ఏ పనికిచ్చారో ఆ పనికే ఖర్చయిందని మన పేరు మీద పూచీ పడుతున్నామని అర్థం. ఫారాల నమూనాలు, తేదీలు మీ ఫైల్లో పెట్టారు. వాటిని నేను చదివి వినిపించక్కర్లేదు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. ఒక ఏడాది బ్యాంకు ఛార్జీలు క్యాష్‌బుక్‌లో ఎక్కించడం మర్చిపోయాను. యూసీలో మిగులు ఒకటి, పాస్‌బుక్‌లో మిగులు ఇంకొకటి. రెండు వందల రూపాయలు కూడా తేడా లేదు. కాగితం తిరిగొచ్చింది. సరిచేసి పంపాం. ఈలోగా అక్కడ సెలవులు, తర్వాత అధికారి బదిలీ. దసరాకి రావాల్సిన విడత సంక్రాంతి దాటాక వచ్చింది. పీర్లకి నాలుగు నెలలు గౌరవవేతనం లేదు. ఒకామె చెవి దుద్దులు తాకట్టు పెట్టి బస్సు ఛార్జీలకి వాడుకుని ఫీల్డుకి తిరిగింది. అందుకని, అకౌంటెంటు తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంటు దగ్గర పెట్టుకుని టాలీ చేయకుండా ఇంటికి పోకండి. మన చిన్న మరుపుకి ఎవరి ఇంట్లో పొయ్యి వెలగదో మనకి కనిపించదు.

అది డబ్బు తప్పు. ఆలస్యంగానైనా దిద్దుకున్నాను. దిద్దుకోలేని తప్పు ఇంకొకటి ఉంది. దాన్ని చెప్పడానికే ఈ పిలుపు ఒప్పుకున్నాను.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. సెక్స్‌వర్కర్ల ప్రాజెక్టులో దాదాపు 60 మంది మహిళలకి ఒక పీర్. ఆ పీర్ వాళ్లలోంచే వచ్చిన మనిషి. మూడు నెలలకోసారి వాళ్లని క్లినిక్‌కి తీసుకెళ్లాలి, ఆరు నెలలకోసారి హెచ్‌ఐవీ పరీక్ష చేయించాలి, కండోములు అందించాలి. ఆమె చెప్పింది ఓఆర్‌డబ్ల్యూ, అంటే పీర్ల పని చూసుకునే ఫీల్డు కార్యకర్త, రాసుకుంటారు, అది నా టేబుల్ మీదికొస్తుంది, నేను నెలవారీ రిపోర్టులో ఎక్కిస్తాను. రిపోర్టులు ఎక్కించడానికి 2010లో సిమ్స్ అనే పోర్టల్ వచ్చింది, తర్వాత సోచ్ వచ్చింది, పోర్టళ్లు మారాయి. కానీ ఆ మొదటి మాట మాత్రం ఇప్పటికీ చదువురాని ఒక మనిషి నోట్లోంచే పుడుతుంది.

మా దగ్గర ఒక పీర్ ఉండేది. పేరు చెప్పను. 2017 హెచ్‌ఐవీ చట్టం గోప్యత గురించి చెప్పింది సరే, అది లేకపోయినా చెప్పను. రైల్వేగేటు అవతలి హాట్‌స్పాట్, అంటే సెక్స్‌వర్కర్లు ఎక్కువగా ఉండే చోటు, ఆమెది. చదువు రాదు. మేమిచ్చిన బొమ్మల అట్ట మీద ఆమెకంటూ ఒక పద్ధతి పెట్టుకుంది. క్లినిక్‌కి వెళ్లినవాళ్ల గడిలో ఎర్ర బొట్టుబిళ్ల, వెళ్లనివాళ్ల గడిలో నల్ల బొట్టుబిళ్ల అంటించేది. రెండు రూపాయల ప్యాకెట్, తన డబ్బుతోనే కొనుక్కునేది. అట్ట చేతిలోకి తీసుకుంటే బిళ్లల జిగురు వేళ్లకి అంటుకునేది.

ఒక నెల అట్ట నిండా నల్లబిళ్లలే. 60 గడుల్లో ఎర్రవి 23. క్లినిక్ బొమ్మ పక్కన పెన్సిల్‌తో గుండ్రంగా ఏదో గీసి, చుట్టూ గీతలు పెట్టింది.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"సూర్యుడు బాబూ."

"సూర్యుడెందుకు?"

"క్లినిక్ సాయంత్రం నుంచి పొద్దుటేళకి మార్చేశారు గదా. రాత్రి మూడింటికి పడుకున్న మనిషి పదింటికి లేచి డాక్టరు దగ్గరికి ఎలా వస్తాది?"

ఇంత స్పష్టంగా చెప్పింది. విన్నాను. తలూపాను. అది రిపోర్టుకి ఆఖరి రోజు, సాయంత్రం, నెట్ వస్తూ పోతూ ఉంది. మేనేజరు గారు రెండుసార్లు ఫోన్ చేశారు, ఒకటే టెన్షన్. 'లక్ష్యం చేరకపోవడానికి కారణం' అనే గడిలో డాక్టరు టైము మారిందని రాస్తే వివరణ అడుగుతారు. డాక్టరు గారికి కోపం వస్తుంది, మేనేజరు గారికి ఇబ్బంది. పాత రిపోర్టు తెరిచాను. అందులో ఒక మాట సిద్ధంగా ఉంది: 'వలస'. దాన్నే కాపీ చేసి పెట్టేశాను. మర్నెలా అదే పెట్టాను. ఆ పై నెలా అదే.

ఏడాది చివర మదింపు బృందం వచ్చింది. మంచివాళ్లు, కాగితాలు శ్రద్ధగా చదివారు. అదే ప్రాణం మీదికి తెచ్చింది. మూడు నెలలు వరసగా వలస అని ఉంది కాబట్టి ఆ హాట్‌స్పాట్‌లో జనం తగ్గినట్టే అనుకున్నారు. వాళ్ల తప్పేముంది? నేను రాసిందే వాళ్లు నమ్మారు. కొత్త ఏడాది మంజూరులో ఆ చోటికి లక్ష్యం తగ్గింది. లక్ష్యం తగ్గితే పీర్ల సంఖ్య తగ్గుతుంది. ఆమె పోస్టు పోయింది.

సంగతి చెప్పడానికి నేనే వెళ్లాను. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. ఆమెకి అర్థం కాలేదంతే. "మావోళ్లు ఎక్కడికీ ఎల్లలేదు గదా బాబూ, ఇక్కడే ఉన్నారు" అంటూ గేటు వైపు చెయ్యి చూపించింది. ఇద్దరు మనుషులు అక్కడ టీ తాగుతున్నారు. నాకు ముఖం చెల్లలేదు.

ఆ బొమ్మల అట్ట నా దగ్గరే ఉండిపోయింది. ఇదిగో, తెచ్చాను. చేతులు మార్చుకుంటూ చూడండి, బిళ్లలు ఊడకుండా జాగ్రత్త.

అధికారులకి ఒక విన్నపం. అయ్యా, అమ్మా, అంకె తగ్గిన రిపోర్టు రాగానే ఎర్ర సిరాతో మెమో పంపకండి. మెమో భయానికే మేం వలస అని రాస్తాం, నిల్ అని రాస్తాం. ఏ ప్రాజెక్టు నుంచైనా ప్రతి నెలా నూటికి నూరు వస్తోందంటే ముందు దాన్ని చూడండి. మనుషులతో చేసే పని ఏ ఊళ్లోనూ ప్రతి నెలా నూటికి నూరు జరగదు. పండగలుంటాయి, పోలీసు దాడులుంటాయి, తుఫాన్లుంటాయి, క్లినిక్ టైము మారిపోతుంది. అంకె తగ్గినప్పుడు ఒక్క ఫోన్ చేసి "ఏమైందమ్మా?" అని అడగండి. మాలో సగం మంది నిజం చెప్పేస్తారు.

ఇదంతా చిన్న విషయమని ఎవరైనా అనుకుంటే 2007 గుర్తు చేస్తాను. అప్పటిదాకా దేశంలో 50 లక్షల పైచిలుకు మందికి హెచ్‌ఐవీ ఉందని లెక్క. మూడో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో లక్ష మందికి పైగా రక్తం పరీక్షించారు. హెచ్‌ఐవీ ఎంత ఉందో గమనించే నిఘా కేంద్రాలూ పెరిగాయి. లెక్క తిరగేస్తే సుమారు 25 లక్షలని తేలింది. రోగం ఒక్క రాత్రిలో సగం కాలేదు, అడిగిన చోటు మారింది, అడిగిన తీరు మారింది. అప్పట్లో ఎక్కువ వ్యాప్తి ఉన్న ఆరు రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేశం లెక్కే అలా మారగలిగినప్పుడు, నేను రాసిన ఒక అబద్ధపు మాట రైల్వేగేటు దగ్గర 37 మందిని లేకుండా చేయడంలో ఆశ్చర్యం లేదు.

క్లినిక్ టైము తర్వాత సాయంత్రానికి మారింది. ఎవరో ఓఆర్‌డబ్ల్యూ పోరితే మారింది, నా రిపోర్టు వల్ల కాదు. ఆమె మళ్లీ పీర్‌గా రాలేదు. టిఫిన్ బండి పెట్టుకుందని విన్నాను.

ఇక పోర్టల్లో ఎలా ఎక్కించాలో స్లైడ్లు వేసి చెప్పమన్నారు. అవి మధ్యాహ్నం కుర్రాళ్లు చెబుతారు, నాకంటే బాగా చెబుతారు. నాకు మిగిలిన 20 నిమిషాలు ఇలా వాడుకుంటాను. ప్రతి ప్రాజెక్టువాళ్లూ మార్చి నెల రిపోర్టు తెచ్చారు కదా, బయటికి తీయండి. లక్ష్యం చేరని చోట కారణం ఏం రాశారో చూడండి. పీర్ అక్కలు ఎవరి అకౌంటెంటు పక్కన వాళ్లు కుర్చీ వేసుకోండి. అకౌంటెంట్లు ఆ గడి మీద వేలు పెట్టి, రాసింది గట్టిగా చదివి వినిపించండి. కాదని ఆమె అంటే అక్కడికక్కడే కొట్టేసి, ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాయండి. అధికారులు ఇక్కడే ఉన్నారు, దిద్దిన రిపోర్టు ఈ రోజే తీసుకుంటామని నాకు పొద్దున మాటిచ్చారు.

అమ్మా, ఆ ఆఖరి వరసలో నీలం చీర, మీరే. రండి, ఈ కుర్చీలో కూర్చోండి. మీ ప్రాజెక్టు రిపోర్టుతో మొదలుపెడదాం.