గ్యాస్ వాసన కంప్లెయింట్లు మ్యాప్ మీద పెడితే

హోస్ట్: నమస్తే అక్కా. తిరుపతిలో పైప్ గ్యాస్ వాసనొస్తాందని ఫోన్ వస్తే మీ పని యాడ మొదలవుతాది?

గెస్ట్: ముందు మనిషి డిటెక్టర్ తీసుకోని పోతాడు తమ్ముడూ, అది ఆగదు. నేను ఆ ఫోన్లన్నీ క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో చుక్కలుగా పెడతా, కింద గ్యాస్ పైపులు, వాల్వులు, డ్రైనేజీ, అన్నీ లేయర్లు. సాఫ్ట్‌వేర్ ఫ్రీనే, ఎవరైనా దించుకోవచ్చు.

హోస్ట్: మనోళ్లు అడ్రస్ అడిగితే కొర్లగుంటలో గుడెనక సందు అంటారే.

గెస్ట్: డోర్ నంబర్ కొడితే చుక్క ఇంకో వీధిలో పడతాది, అందుకే వాట్సాప్‌లో లొకేషన్ పంపమంటాం. ఎన్ని గంటలకి, ఎన్నో ఫ్లోరు, ఇంట్లో సిలిండర్ ఉండాదా, ఇవీ అడగాల. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, నేలన పాకతాది, పైప్‌లో వచ్చే మీథేన్ తేలిక, పైకి పోతాది.

హోస్ట్: వాసన రెండిటికీ అదే కదా?

గెస్ట్: ఆ వాసన కలిపింది కదా, మెర్కాప్టాన్ అనే కంపు కెమికల్. మీథేన్‌కి సొంతంగా వాసనే లేదు. 1937లో అమెరికాలో టెక్సాస్‌లో న్యూ లండన్ అనే ఊళ్లో వాసన తెలీని గ్యాస్ స్కూలు కింద చేరి పేలింది, దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ తర్వాతే అక్కడ వాసన కలపాల్సిందేనని చట్టం చేశారు. మీథేన్ గాలిలో 5 శాతం చేరితేనే అంటుకుంటాది, మన ముక్కు అంతకన్నా చాలా ముందే పట్టేస్తాది. అందుకే నాకు ఒక్కో ఫోనూ విలువైందే, "లీక్ లేదు" అని మూసేసిన కంప్లెయింట్ ఇంకా విలువైంది.

హోస్ట్: లీక్ లేకపోతే దాంతో ఏం పని అక్కా?

గెస్ట్: ఆ ఇంట్లో లేదు, అంతే కదా! ఒక వీధిలో వేరేవేరే రోజుల్లో ఫోన్లు వచ్చినాయి, ఒక్కోసారి ఒక్కో మనిషి పోయినాడు, ఏమీ దొరకలా, మూసేశారు. మూసేసినవి కూడా మ్యాప్ మీదికి తెచ్చి చూస్తే అన్నీ డ్రైనేజీ లైన్ వెంబడి వరసగా ఉండాయి, అన్నీ తెల్లారుజామువే, గాలి కదలని టైమ్. ఒకామె అయితే బాత్రూమ్ జాలీ దగ్గర మాత్రమే వస్తాందని చెప్పింది, అది రిమార్క్స్‌లో పడుండాది, ఎవరూ చదవలా. గ్యాస్ పైపేమో పక్క వీధిలో. పైన సీసీ రోడ్డు, గ్యాస్ పైకి రాలేక మట్టిలో పక్కకి పోయి డ్రైనేజీలో దూరింది. రాడ్‌తో నేలకి బొక్కలు కొట్టి డిటెక్టర్ పెట్టుకుంటా, రీడింగ్ పెరిగే వైపే పోతే జాయింట్ దగ్గర దొరికింది. దూరం పోతే మట్టి ఆ వాసనని పీల్చేస్తాది కూడా, గ్యాస్ ఉంటాది, వాసన తగ్గిపోతాది, అది నాకు చానా భయం.

హోస్ట్: ఫోన్లు ఎక్కువొచ్చిన చోట ఎర్రగా చూపించే హీట్‌మ్యాప్ పెడితే, యాడ ఎర్రగుంటే ఆడ లీక్ అనుకోవచ్చా?

గెస్ట్: అపార్ట్‌మెంట్లున్న చోట ఫోన్లు ఎక్కువొస్తాయి, ఎర్రగానే కనపడతాది. కనెక్షన్ల లెక్కతో భాగించి చూడాల.

హోస్ట్: వినేవాళ్లకి ఏం చెప్తారక్కా?

గెస్ట్: వాసనొస్తే స్విచ్ ముట్టుకోవద్దు, వేయొద్దు ఆపొద్దు, బయటికొచ్చి ఫోన్ చేయండి. సిలిండరైతే 1906, పైప్ గ్యాసైతే మీ బిల్లు మీదుండే ఎమర్జెన్సీ నంబర్. మేమొచ్చేలోపు వాసన పోయినా కంప్లెయింట్ వాపసు తీసుకోవద్దు, ఏ గదిలో, ఎన్ని గంటలకి వచ్చిందో రాయించండి.