అప్పుల సర్దుబాటు ప్రణాళిక: సంతకానికి ముందు ఇంట్లో వేసుకోవలసిన లెక్క

(ఒడిశాలోని బరంపురంలో తెలుగు సంఘం ఉగాది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, జిల్లాలో బ్యాంకులన్నిటి పనిని కలిపి చూసే లీడ్ బ్యాంకు తరఫున దయచేసి వచ్చిన అధికారిగారికి, పంచాంగ శ్రవణం ముగిసినా ఇళ్ళకు వెళ్ళకుండా ఓపికగా కూర్చున్న తల్లులకు, అన్నదమ్ములకు నమస్కారం. అధ్యక్షులవారు నన్ను పొదుపు గురించి మాట్లాడమన్నారు. వారి మాట మీద గౌరవం ఉంచుతూనే విషయాన్ని కొంత మార్చుకుంటున్నాను. ఇందాక సిద్ధాంతిగారు ఏ రాశికి ఆదాయం ఎంతో, వ్యయం ఎంతో చదివి వినిపించారు. వ్యయం ఆదాయాన్ని దాటిపోయి, ఆ తేడాను అప్పులతో పూడ్చుకుంటున్న ఇళ్ళు మన వీధుల్లో ఎన్ని ఉన్నాయో బ్యాంకు ఉద్యోగంలో ఉండగా చూశాను, పదవీ విరమణ తర్వాత ఇంకా దగ్గరగా చూస్తున్నాను. అటువంటి ఇంటికి పొదుపు గురించి చెప్పడం కంటే, ఉన్న అప్పుల నుంచి బయటపడే దారి గురించి చెప్పడం ముందు అవసరం.

రుణ నిర్వహణ ప్రణాళిక అని ఒక పద్ధతి ఉంది. ఇంటి ఖర్చులు పోగా నెలకు ఎంత మిగులుతుందో తేల్చి, ఆ మొత్తాన్ని అప్పు ఇచ్చిన వారందరికీ వారి వారి బాకీల నిష్పత్తిలో పంచి, వడ్డీ తగ్గించమని లేదా ఆపమని వారిని ఒప్పించి, అసలు మొత్తం తీరేవరకు క్రమం తప్పకుండా కట్టుకుంటూ పోవడమే ఆ పద్ధతి. బ్రిటన్‌లో, అమెరికాలో ఇది బాగా వాడుకలో ఉంది; అక్కడ లాభాపేక్ష లేని సంస్థలు అప్పు ఉన్నవారి తరఫున బ్యాంకులతో మాట్లాడతాయి. అయితే బ్రిటన్‌లో కూడా ఇది చట్టబద్ధమైన కట్టుబాటు కాదని, వడ్డీ ఆపడం ఆపకపోవడం అప్పు ఇచ్చినవారి ఇష్టమేనని గుర్తుంచుకోవాలి. మన దేశంలో 2009లో రిజర్వు బ్యాంకు ఆర్థిక అక్షరాస్యత, రుణ సలహా కేంద్రాలకు ఒక నమూనా పథకం ప్రకటించి, వాటి సేవ ఉచితంగా అందాలని చెప్పింది. 2012లో దానిని సవరించి, లీడ్ జిల్లా మేనేజర్ల కార్యాలయాల్లో ఆర్థిక అక్షరాస్యత కేంద్రాలు పెట్టమంది. ఈ కేంద్రాల గురించి నా మనసులో ఉన్న మాట తర్వాత చెబుతాను.

ముందు ఒక కుటుంబం సంగతి చెప్పాలి. పేరు చెప్పను, వీధి చెప్పను. అప్పడాలు, వడియాలు చేసి అమ్ముకునే కుటుంబం. ఆడపిల్ల పెళ్ళికి బ్యాంకులో వ్యక్తిగత రుణం తీసుకున్నారు. వానాకాలంలో ఎండ లేక అప్పడాలు ఆరక, వ్యాపారం పడిపోయిన నెలల్లో క్రెడిట్ కార్డు గీకారు. కార్డు కట్టడానికి ఫోనులో యాప్ లోను తీసుకున్నారు. కార్డు బాకీ 1,20,000 ఉన్న నెలలో బిల్లు చూశాను. కనీస చెల్లింపు 6,000. ఆ నెల వడ్డీ నూటికి మూడున్నర చొప్పున 4,200, దాని మీద 18 శాతం జీఎస్టీ 756. అంటే 6,000 రూపాయలు కడితే బాకీలో తగ్గేది 1,044 రూపాయలు మాత్రమే. ఆయన మాత్రం కార్డు సక్రమంగా కడుతున్నానని అనుకుంటున్నారు.

ఆ సమయంలో ఒక పెద్ద నగరం నుంచి ఆయనకు ఫోను వచ్చింది. స్వచ్ఛమైన తెలుగులో, ఎంతో మర్యాదగా మాట్లాడారట. మీరు బ్యాంకులకు కట్టడం ఆపేయండి, మాకు నెలకు 8,000 కట్టండి, అప్పులన్నీ సగానికి తెగ్గొట్టిస్తాం, ఇక మీకు ఎవరూ ఫోను చేయరు అని చెప్పారు. అవమానంతో నలిగిపోయి ఉన్న మనిషికి ఆ చివరి మాట ఒక్కటి చాలు. సంతకం చేశారు. ఏడు నెలలు కట్టారు. కట్టినది 56,000. అందులో ఫీజు 35,000, దాని మీద జీఎస్టీ 6,300, పోగా ఆయన పేరిట మిగిలినది 14,700. బ్యాంకులకు ఒక్క రూపాయి చేరలేదు, బ్యాంకుల నుంచి ఒక్క ఒప్పందపు ఉత్తరం రాలేదు. ఈలోగా పాత వాయిదాల ఆటో డెబిట్, అంటే ఖాతా నుంచి వాయిదా దానంతట అదే కోసుకునే ఏర్పాటు, ఖాతాలో డబ్బు లేక ప్రతి నెలా వెనక్కి తిరిగింది, ప్రతిసారీ బౌన్స్ చార్జీ పడింది, చివరకు వకీలు నోటీసు వచ్చింది. ఆటో డెబిట్ వెనక్కి తిరిగితే 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షను కింద చెక్కు బౌన్సుతో సమానంగా కేసు పెట్టవచ్చునని ఆ ఫోనులో ఎవరూ ఆయనకు చెప్పలేదు.

ఆ నోటీసు పట్టుకుని భార్యాభర్తలిద్దరూ మా ఇంటికి వచ్చారు. ఆయన తల వంచుకుని కూర్చున్నారు. ఆవిడే అడిగింది: "అన్నయ్యగారూ, ఏడు నెలలు పిల్లల నోరు కట్టి కట్టాం గదా, ఆ డబ్బు ఎవరికి చేరినట్టు?" ఈ ప్రసంగానికి నేను ఒప్పుకోవడానికి కారణం ఆ ప్రశ్నే. అమెరికాలో 2010 నుంచి, ఫోను ద్వారా ఇటువంటి సేవలు అమ్మే సంస్థలు ఒక్క అప్పైనా తేల్చకముందు ఫీజు తీసుకోకూడదని నిబంధన ఉంది. మన దగ్గర కూడా అటువంటి నిబంధన రావాలని నేను గట్టిగా కోరుతున్నాను. అంతవరకు మనకు మనమే ఆ నిబంధన పెట్టుకోవాలి. ముందుగా డబ్బు అడిగేవారికి, బ్యాంకుకు కట్టవద్దని చెప్పేవారికి మీ ఆధార్ కాగితం కూడా ఇవ్వకండి.

మరి ఆ కుటుంబానికి ప్రణాళిక పనికివస్తుందా, రాదా? దానిని తేల్చినది ఒక్క లెక్క. ఆ ఏడు నెలల్లో పెరిగిన వడ్డీ, చార్జీలు పక్కన పెడితే బాకీలు ఇలా ఉన్నాయి: వ్యక్తిగత రుణం 2,40,000, కార్డు 1,20,000, యాప్ 60,000, మొత్తం 4,20,000. ఎండలు బాగా కాసే నెలల ఆదాయం ఒక్కటే చూడకుండా, వానాకాలం కూడా కలుపుకుని ఏడాది సరాసరి తీస్తే నెలకు 36,000 వస్తోంది. ఇంటి అద్దె, తిండి, కరెంటు, చదువు, మందులు, మినపపిండి వగైరా సరుకు ఖర్చు కలిపి 27,600. మిగిలేది 8,400. నిష్పత్తిలో పంచితే బ్యాంకుకు 4,800, కార్డుకు 2,400, యాప్‌కు 1,200.

దయచేసి ఈ మూడు అంకెలు వినండి, వీలైతే రాసుకోండి. వడ్డీ పూర్తిగా ఆగిపోతే ఈ 8,400తో 4,20,000 సరిగ్గా 50 నెలల్లో తీరుతుంది. నెలకు రూపాయి వడ్డీ నడిస్తే, అంటే ఏడాదికి 12 శాతమైతే, 70 నెలలు పడుతుంది. రెండు రూపాయల వడ్డీ నడిస్తే నెల వడ్డీయే 8,400 అవుతుంది. జన్మంతా కట్టినా అసలు తగ్గదు. అదే కుటుంబం, అదే బాకీ, అదే వాయిదా. కనుక ప్రణాళికలో చేరాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు మీ వాయిదా ఎంత తగ్గుతుందన్న దానిలో ఉండదు, వడ్డీ ఎంత తగ్గుతుందన్న దానిలో ఉంటుంది. వాయిదా తగ్గించి వడ్డీ తగ్గించని ఒప్పందం మీకు ఊపిరి పోసినట్టే కనిపించి, అప్పును మీ పిల్లల దాకా తీసుకువెళుతుంది. అప్పు ఇచ్చిన ప్రతివారి నుంచి వడ్డీ విషయం కాగితం మీద రావాలి. నోటిమాట చాలదు.

ఆ కుటుంబం విషయంలో కార్డు ఇచ్చిన బ్యాంకు బాకీని తక్కువ వడ్డీ వాయిదాలుగా మార్చింది, రుణం ఇచ్చిన బ్యాంకు గడువు పెంచింది. యాప్ సంస్థ ఒప్పుకోలేదు. రెండో పిండి యంత్రం అమ్మి, ఎన్నో ఉత్తరాల తర్వాత తిరిగి వచ్చిన ఆ 14,700 కలిపి యాప్ బాకీ ఒకేసారి కట్టేశారు. మిగతావి ఇంకా కడుతున్నారు. ఒక్కరు ఒప్పుకోకపోయినా ప్రణాళిక చెడిపోతుందన్న సంగతి మీరు ముందే ఊహించి, ఒప్పుకోని వారి బాకీని ఏం చేయాలో ఆలోచించి పెట్టుకోవాలి.

ఈ పద్ధతిలో అన్ని అప్పులూ ఇమడవు. ఇంటి రుణం, బంగారం తాకట్టు ఇందులోకి రావు. వాటికి వాయిదా తప్పితే ఇల్లు పోతుంది, నగలు వేలానికి పోతాయి. కాబట్టి వాటిని ఇంటి ఖర్చులతో పాటు ముందు వరసలో పెట్టుకోవాలి. ఆడవాళ్ళ గ్రూపు లోను కూడా ఇందులో పెట్టకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే మీరు ఆపిన వాయిదా పక్కింటి వారి మెడకు చుట్టుకుంటుంది. చీటీ పాట ఎత్తుకున్నవారు మిగిలిన వాయిదాలను కూడా అలాగే చూడాలి.

ఇక్కడ ఆగి, ఇళ్ళ నుంచి జంటలుగా వచ్చినవారిని ఒక మాట అడుగుతాను. మీ ఇంట్లో ఉన్న అప్పులన్నీ మీ ఇద్దరికీ తెలుసా? భర్త తీసుకున్న యాప్ లోను భార్యకు తెలియదు, భార్య పుట్టింటి వారి దగ్గర తెచ్చిన చేబదులు భర్తకు తెలియదు, సూరత్‌లో మగ్గం మీద పని చేసే కొడుకు అక్కడ రాసి ఇచ్చిన ప్రోనోటు ఇద్దరికీ తెలియదు. అటువంటి ఇంట్లో వేసిన ప్రణాళిక మూడో నెలలోనే తప్పుతుంది, ఎందుకంటే బయటపడని బాకీకి ఎక్కడి నుంచో తీసి కట్టవలసిందే. సిబిల్ వంటి రుణ సమాచార సంస్థలు మీ అప్పుల రుణ చరిత్ర నివేదికను ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది. దానిలో బ్యాంకు అప్పులు కనిపిస్తాయి, చేబదుళ్ళు కనిపించవు. వాటిని మీరే నోరు విప్పి చెప్పాలి. సిగ్గుతో దాచిన ఒక్కొక్క నెలకూ వడ్డీ పడుతుందని మరచిపోకండి.

సెటిల్‌మెంటు వేరు, ప్రణాళిక వేరు. సెటిల్‌మెంటులో కొంత కట్టి మిగతాది వదిలించుకుంటారు, ఆ మాట మీ రుణ చరిత్రలో నమోదై కొత్త అప్పుకు అడ్డుపడుతుంది. ప్రణాళికలో అసలు మొత్తం కడతారు, కానీ నిబంధనలు మార్చిన సంగతి అందులోనూ నమోదు కావచ్చు, కార్డులు మూసేస్తారు. నెలకు మిగిలేది ఏమీ లేని ఇంటికి ప్రణాళిక దారి కాదు. ఎనిమిది పదేళ్ళు పట్టే బాకీకి కూడా కాదు. అటువంటి వారు ఆస్తి ఏదైనా అమ్మి తేల్చుకోవడమో, వకీలును కలవడమో మేలు. 2016 దివాలా స్మృతిలో మామూలు వ్యక్తుల కోసం రాసిన భాగం వారికి ఇంకా అమలులోకి రాలేదు, కంపెనీ అప్పులకు పూచీ ఉన్నవారికి మాత్రం 2019 డిసెంబరు నుంచి వర్తిస్తోంది. మిగిలినవారికి ఇప్పటికీ 1920 నాటి పాత దివాలా చట్టమే గతి. ఇక ఒక్క బ్యాంకు బాకీయే ఉన్నవారికి ప్రణాళిక అక్కర్లేదు. బ్రాంచికి వెళ్ళి గడువు పెంచమని దరఖాస్తు ఇవ్వండి. అప్పు ఇచ్చిన బ్యాంకులోనే జీతం పడుతుంటే మాత్రం ముందు జీతం ఖాతా వేరే బ్యాంకుకు మార్చుకోండి, లేకపోతే బ్యాంకు జీతం నుంచే బాకీ మినహాయించుకోవచ్చు. ఆటో డెబిట్‌లో కోసుకునే సొమ్ము కొత్త వాయిదాకు మారిందని రుజువు చేతికి వచ్చాకే ఆ కొత్త వాయిదా కట్టడం మొదలుపెట్టండి.

రికవరీ ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోను చేయకూడదని, బంధువుల ముందు, స్నేహితుల ముందు అవమానపరచకూడదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది. సంస్థకు ఫిర్యాదు రాసి 30 రోజులు చూసి, జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇటువంటి ఫిర్యాదులు విని తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి ఫీజు లేదు, సమాచారానికి 14448 నంబరు ఉంది.

ఇప్పుడు నా మనసులోని మాట. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి ఈ గంజాం ప్రాంతం అందులో చేరినప్పటి నుంచి మనం ఒడియావారితో కలిసిమెలిసి, రెండు భాషలూ మాట్లాడుతూ బతుకుతున్నాం. దానిలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ అప్పు అమ్మడానికి మనకు తెలుగులో ఫోను వస్తుంది. వాయిదా తప్పితే బెదిరింపు తెలుగులో వస్తుంది. ఫీజు దండుకునేవారు తెలుగులో మాట్లాడతారు. ఉచిత సలహా కోసం వెళ్ళిన తెలుగు ఆడపడుచుకు మాత్రం ఒడియాలో, ఇంగ్లీషులో అచ్చయిన కాగితం చేతికి వస్తుంది. బజారులో ఒడియా చక్కగా మాట్లాడే ఆవిడకు ఆ లిపి చదవడం రాదు. సిగ్గుపడి లేచి వచ్చేస్తుంది. అలా వచ్చేసినవారిని నేను చూశాను. శిబిరాల్లో ఖాతాలు, బీమా, డిజిటల్ చెల్లింపుల గురించి చెబుతున్నారు. మంచిదే. అప్పుల్లో ఉన్న మనిషితో గంట సేపు కూర్చుని లెక్క వేసేవారు ఏరి?

అందుకని వేదిక మీద ఉన్న అధికారిగారికి ఈ సభ తరఫున చేతులు జోడించి అడుగుతున్నాను. నెలకు రెండు రోజులు తెలుగు వచ్చిన ఒక సలహాదారును ఈ భవనానికి పంపండి. సంఘం గది ఉచితంగా ఇస్తుందని కార్యదర్శిగారు ఇప్పుడే నాతో అన్నారు. ఇంటి ఖర్చుల పట్టిక, అప్పుల పట్టిక, బ్యాంకుకు రాయవలసిన దరఖాస్తు, ఈ మూడింటినీ తెలుగులో నేను రాసి ఇస్తాను, అచ్చు వేయించే భారం మాది. దరఖాస్తు ఒడియాలోకి మార్చడానికి మన ఖల్లికోట విశ్వవిద్యాలయం విద్యార్థులు ఎవరైనా ముందుకు వస్తే, సభ ముగిశాక నన్ను కలవండి.