గోడ మీద నడక అని చెప్పాం కదా

నాని: రికార్డవుతోందా? ఆఁ. నమస్తే, రాజమండ్రి నుంచి నాని. అటు ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మా హరిత. కిందటిసారి బీరకాయ మీద మెసేజ్‌లు పెట్టినవాళ్లందరికీ...

హరిత: ఆ ఊసెత్తితే ఫోన్ పెట్టేస్తా. ఇవాళ యార్క్ కోటగోడ. అసైన్‌మెంట్ ఇచ్చేసి శనివారం పొద్దున్నే రైలెక్కేశా. లీడ్స్ నుంచి అరగంటే.

నాని: స్టేషన్ కప్పు చూశావా? వంపు తిరిగి ఉంటుంది, 1877 నాటిది.

హరిత: మొదలెట్టాడు. గోడ సంగతి చెప్పనీ. చుట్టూ మూడున్నర కిలోమీటర్లకి కాస్త తక్కువ. తెగిన చోట దిగి, రోడ్డు మీద నడిచి, మళ్లీ ఎక్కాలి. ఆ ఊళ్లో గేట్ అంటే వీధి, బార్ అంటే కోట గుమ్మం. 'మికిల్‌గేట్ బార్' బోర్డు చూసి, పొద్దున్నే తెరిచేశారేంటా అనుకున్నా.

నాని: గేట్ అంటే వీధా?

హరిత: వైకింగ్‌ల మాటంట. సరే, అక్కడ దిగి...

నాని: మ్యూజియంకి వెళ్లావు.

హరిత: నువ్వే తరిమావు! రైల్వే మ్యూజియం, టికెట్ లేదు, గంటలో వచ్చేద్దామనుకున్నా. మూడు గంటలు. మల్లార్డ్ ఇంజిన్ దగ్గరే సగం పోయింది.

నాని: 1938 జూలై 3. గంటకి 126 మైళ్లు. ఆవిరి ఇంజిన్లలో ఇప్పటికీ దాన్ని కొట్టింది లేదు.

హరిత: పల్లంలో కొట్టిన రికార్డు కదా.

నాని: ఏంటీ?

హరిత: స్టోక్ బ్యాంక్ వాలు. ధవళేశ్వరం గట్టు మీంచి సైకిల్ వదిలేస్తే నేనూ కొడతా.

నాని: వెనక ఏడు బోగీలున్నాయే!

హరిత: ఉంటే? బేరింగ్ వేడెక్కి పీటర్‌బరోలో ఇంజిన్‌ని రైలు నుంచి విప్పేశారు. 1936లోనే జర్మనీ ఇంజిన్ 200 కిలోమీటర్లు దాటింది.

నాని: దాటితే దాటింది, మల్లార్డ్‌ది 203 కిలోమీటర్లు. అయినా ఇవన్నీ నీకెవరు చెప్పారే?

హరిత: పెదనాన్న.

నాని: ...నాన్నా?

హరిత: అక్కణ్నుంచే వీడియో కాల్ చేశా. కళ్లజోడు పెట్టుకుని, తిన్నావా లేదు ఏం లేదు, 'చక్రం పక్కన నిలబడమ్మా' అన్నారు. నిలబడ్డా. 6 అడుగుల 8 అంగుళాలు. నా తల మీద ఇంకో రెండు జానలు. 'నూనె వాసనొస్తోందా?' అనడిగారు. వస్తోందన్నాక కాసేపు మాట్లాడలేదు.

నాని: రిటైరయ్యాక నా దగ్గర ఇంజిన్ మాటే ఎత్తడు.

హరిత: నువ్వు అంకెలు చెప్తావు. ఆయన్ని అడగవు.

నాని: ...సరే. మిన్‌స్టర్, అదే ఆ పెద్ద చర్చి, చూశావా?

హరిత: ఎక్కడ? వెళ్లేసరికి లోపలికి వదలడం ఆపేశారు. 1405లో మొదలెట్టిన తూర్పు కిటికీ, అంత రంగుల అద్దమూ బయట నుంచి నల్లటి పలకే. లోపలికెళ్తేనే వెలుగంట. తర్వాత షాంబుల్స్ అనే పాత ఇరుకు వీధిలో జనం, ఊజ్ ఒడ్డున ఒక బెంచీ. అదో నదంట, మన కాలవంత ఉంది.

నాని: గోదావరి తాగినోళ్లకి ఏదైనా అంతే. మ్యూజియంలో బుల్లెట్ రైలు పెట్టె ఉంటుందే, ఎక్కావా?

హరిత: ఎక్కా, కూర్చున్నా, దిగా. అన్నయ్యా, గోడ సగంలో ఉండిపోయింది.

నాని: గోడ ఎక్కడికి పోతుంది. ఉండు, నాన్న నిద్ర లేచినట్టున్నాడు. నాన్నా! మల్లార్డ్‌ని పల్లం అన్నావంట, ఏంటది?